పైరగాలి పుట్టే చోటికి

గాలిని వెతుక్కుంటూ వెళ్తున్నానని సెలవు చీటీలో రాయలేక ‘సొంత పని’ అని రాశాను. అది 2003, మే నెల. విజయవాడలో ఆ ఎండలు పడ్డవాళ్లకి నేను వర్ణించక్కర్లేదు, పడనివాళ్లకి వర్ణించినా అర్థం కాదు. పొద్దున్నే కుళాయి తిప్పితే కాఫీ కలుపుకునేంత వేడిగా నీళ్లు వచ్చేవి. మధ్యాహ్నం పూట రోడ్డు మీద మనిషి కనిపిస్తే, పాపం ఏం అవసరం పడిందో అనుకునేవాళ్లం.

నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంజనీరుగారు ఆలోచిస్తారు, నేను గీస్తాను, మేస్త్రీ కడతాడు, జనం వచ్చి ఉంటారు. ఈ వరసలో చివరివాళ్ల ముఖాలు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి మాత్రం చూడాల్సి వచ్చింది, అదీ మా వీధిలోనే.

మా వీధికి పైరగాలి వచ్చేది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. వేసవిలో పగలంతా పడమటి నుంచి వడగాలి కొట్టి కొట్టి అలిసిపోయాక, దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో చల్లటి గాలి మొదలవుతుంది. అది సముద్రం మీద పుట్టి ఊళ్లు దాటుకుంటూ మా దాకా వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటేది. అప్పుడు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. వాకిళ్లలో నీళ్లు చల్లేవాళ్లు, మడతమంచాలు వేసేవాళ్లు, పలకరింపులు లేని ఇళ్ల మధ్య కూడా మాటలు మొదలయ్యేవి. 1996లో మా వీధికి ఆగ్నేయం మూల ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. మరుసటి వేసవి పైరగాలి రాలేదు. ఈ ఏడు గాలి తక్కువగా ఉందనుకున్నాం. ఆ పై ఏడూ అలాగే అనుకున్నాం. మూడో వేసవికి నాకు తట్టింది. ఆ అపార్ట్‌మెంట్ ప్లాను గీసింది నేనే.

ఎవరికీ చెప్పలేదు. మా ఎదురింటి దర్జీ సూర్యంగారు వీధి గదిలో తలుపులు బార్లా తీసి కుట్టుకునేవారు. ఒకరోజు నా జాకెట్టు సగం కుట్టి తెచ్చి చేతిలో పెట్టారు. గాలి లేనిచోట ఇంక కుట్టలేనన్నారు. ఆ నెలలోనే గుడివాడ వెళ్లిపోయారు. ఆ జాకెట్టు ఇప్పటికీ సగం సగంగానే నా పెట్టెలో ఉంది.

ఆ మే నెలలో నా బల్ల మీదికి ఇంకో ప్లాను వచ్చింది. ఊరి చివర పొలాల్లో పదిహేను బ్లాకుల కాలనీ. ముప్పై ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉంటుందో ఊహించి గీయమ్మా అన్నారు మా ఇంజనీరుగారు. అని, తానే గీసి ఇచ్చిన చిత్తు బొమ్మలో బ్లాకులన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగిలించారు. మధ్యలో గాలికి సందులు వదలాలన్నాను. ప్రతి ఇంటికీ ఏసీ ఉంటుందిగా అన్నారు. ముప్పై ఏళ్లలో ఎండలు ఇంకా ముదురుతాయి, అన్ని ఏసీలకీ కరెంటు ఉంటుందా, లోపల చల్లబరిచి బయటికి కక్కిన వేడి ఎక్కడికి పోతుంది అని వాదించాను. ఆయన చెడ్డవారు కాదు. ‘ఎక్కడ వదలాలో, ఎందుకు వదలాలో నాకు చూపించు. సోమవారం బిల్డరుగారు వస్తారు’ అన్నారు.

అది మంగళవారం. మరుసటి రోజు పొద్దున్నే ఒక గొడుగు, దాని కొనకి కట్టిన ఎర్ర రిబ్బను, ఒక నోటుపుస్తకం పట్టుకుని గాలికి ఎదురు బయల్దేరాను.

గుడివాడ, నాలుగు గంటలు

పెదపారుపూడి దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని రాబోయే ఊరిని ఊహించుకుంటూనే ఉన్నాను. బళ్లు తెల్లవారుజామున నాలుగింటికి తెరుస్తారు, తొమ్మిదికి మూసేస్తారు. పగలు పెళ్లి ముహూర్తం పెట్టిన పంతులుగారిని తన్నినంత పని చేస్తారు. మేం చిన్నప్పుడు చల్లదనం కోసం సినిమాకి వెళ్లేవాళ్లం, కథ ఏదైనా సరే. రేపు కథ కూడా ఉండదు, గంటకింతని చల్లదనమే అమ్ముతారు. ఇలా ఊహిస్తూ ఉంటే నాకు భయం కన్నా దిగులు ఎక్కువ వేసింది. ఆ ఊళ్లో అన్నీ ఉన్నాయి గానీ, సాయంత్రం వీధిలో మంచం వేసుకుని పక్కింటావిడతో మాట్లాడే మనిషి ఒక్కరూ కనిపించలేదు.

సూర్యంగారి కొట్టు బస్టాండుకి దగ్గర్లోనే, దక్షిణానికి తిరిగిన సందులో. నన్ను చూసి మిషను మీంచి లేచారు. ముందు మజ్జిగ వచ్చింది, తర్వాత తాటిముంజలు వచ్చాయి. ముంజలు డజను ఎనిమిది రూపాయలట, బెజవాడలో పన్నెండు. పైగా ఇక్కడివి బొటనవేలితో నొక్కితే నీళ్లు మొహం మీదికి చిమ్మేంత లేతవి. నా చీర మీద చిమ్మాయి కూడా. అది చూసి ఆయన కడుపుబ్బ నవ్వారు. మా వీధిలో ఉన్నప్పుడు ఆ మనిషి అలా నవ్వగా నేను చూడలేదు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది, ఎదురింట్లో పదేళ్లున్నా నేను గమనించనిది. పొద్దున్నుంచీ ముదురు రంగులే కుడతారు. తెల్లవి, మీగడ రంగువి, పట్టు జాకెట్లు, ఇవన్నీ మడత పెట్టి అలమరలో ఉంచి పైరగాలి వచ్చాకే తీస్తారు. చెమట చుక్క లేత రంగు మీద పడితే ఆ మరక ఉతికినా పోదు. మా వీధిలో గాలి ఆగిపోయాక లేత రంగులు కుట్టే వేళే లేకుండా పోయింది. పెళ్లి బట్టలన్నీ వెనక్కి పంపించారట. దర్జీకి పెళ్లి బట్టలు లేకపోతే ఇంక మిగిలేది చిరుగులూ పొట్టి చేయడాలూ.

నాలుగు కావస్తుండగా గుమ్మానికి వేలాడుతున్న కొలత టేపు చివర మెల్లగా ఊగింది. ‘వచ్చిందండీ’ అన్నారాయన, ఇంటికి చుట్టం వచ్చినట్టు. ఫ్యాను ఆపేశారు. అలమర తెరిచి వెన్నరంగు పట్టు గుడ్డ ఒకటి తీశారు. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలంటారు చూశారూ, మాకూ అంతేనండీ అన్నారు. ఆ గాలి నా మెడ మీదికి వచ్చేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడేళ్లయింది, ఆ చల్లదనం చర్మానికి తగిలి.

కాసేపటికి మా వీధి కబుర్లు అడిగారు. ఆ అపార్ట్‌మెంటు గీసినవాడెవడో గానీ వాణ్ణి నేనేం అననండీ, పాపం వాడు మన వీధిలో ఉన్నవాడు కాదుగా అన్నారు. ఇంక నావల్ల కాలేదు.

‘ఆ ప్లాను గీసింది నేనేనండీ.’

మిషను ఆగింది. ఆయన తలెత్తలేదు. పళ్లతో దారం తెంపుకుని, సూదిలోకి ఇంకో దారం ఎక్కించుకున్నారు.

‘తెలిసి గీయలేదు కదా?’

‘తెలీదండీ.’

‘ఇప్పుడు తెలుసు కదా, శారదగారూ.’

అంతే అన్నారు. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ నోటుపుస్తకంలో ‘గుడివాడ, మూడు యాభై ఐదు’ అని రాసుకున్నాను.

బందరు, పన్నెండున్నర

మర్నాడు పొద్దున గుడివాడ నుంచి బందరు దారిలో ఎండిన వరిమళ్లు ఎన్ని ఉన్నాయో, మళ్లని తవ్వి చేపల చెరువులు చేసినవి అన్ని ఉన్నాయి. బందరు చేరేసరికి ఎండ తగ్గినట్టే ఉంది గానీ ఉక్కపోత మొదలైంది. బెజవాడ ఎండ చెంప మీద కొడుతుంది, బందరు ఉక్క తడిగుడ్డలా ఒంటికి చుట్టుకుంటుంది. ఏది నయమని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. బందరువాళ్లందరూ బందరే నయమన్నారు. ఊరి మీద ప్రేమ ముందు ఉక్క ఎంత.

ఇక్కడ నాకు దారి చూపించింది వెంకటేశ్వరరావుగారనే రోల్డ్‌గోల్డ్ పనాయన. ఆయన చేసే గాజులు కొనే కొట్టు ఒకటి మా వీధి చివర ఉంది, వాళ్లు చిరునామా ఇచ్చారు. ఆయనా, ఆయన ఇద్దరు తమ్ముళ్లూ వరసగా కూర్చుని సన్నటి మంటతో గాజులకి టంకం పెడుతున్నారు. అంత వేడిలో ఫ్యాను తిరగడం లేదు. తిరగకూడదు. గాలి తగిలితే మంట వంగుతుంది, మంట వంగితే టంకం పక్కకి పోతుంది. అందుకని తెల్లవారుజామున మూడున్నరకి లేచి కూర్చుంటారు. నేను వెళ్లేసరికి పదకొండు దాటింది. ముగ్గురి ఒళ్లూ నూనె రాసుకున్నట్టు మెరుస్తున్నాయి.

పన్నెండున్నరకి వీధి తలుపు దానంతటదే కిర్రుమంది. మంట ఒక పక్కకి వాలింది. వెంకటేశ్వరరావుగారు మంట ఆపేసి చేతులు దులుపుకున్నారు. ఆ వీధిలో టంకం పనివాళ్లందరూ అంతే, గాలి వస్తే సెలవు. ఏ పెద్దమనిషీ చెప్పలేదు, ఏ బోర్డూ పెట్టలేదు. అందరూ ఒకేసారి లేచి స్నానాలు చేసి, అన్నాలు తిని, తలుపులన్నీ తెరుచుకుని నేల మీద పడుకున్నారు. నేను నాలుగింటికి బళ్లు తెరిచే ఊరిని ఊహించుకుంటూ వచ్చానా, వీళ్లు ఎప్పటినుంచో ఆ ఊళ్లోనే ఉన్నారు.

వాళ్లావిడ మామిడికాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు పెట్టింది. భోజనమయ్యాక ఆయన ముందు ముందు బందరు ఎలా ఉంటుందో చెప్పుకొచ్చారు. పోర్టు వస్తుంది. రాగానే సముద్రం దారిలో పదంతస్తుల మేడలు లేస్తాయి. హోటళ్లు వస్తాయి. వాళ్ల తాతగారు కూడా పోర్టు వస్తుందంటూనే పోయారట. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ ఆయన కళ్లు చూసి మింగేశాను. అంత ఆశగా ఉన్నాయి.

మేడలు సముద్రానికీ మీ వీధికీ మధ్యలో లేస్తే మరి పన్నెండున్నరకి మీ తలుపు ఎవరు తీస్తారు అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

‘పోర్టూ కావాలండీ, గాలీ కావాలి. రెండూ అడిగితే తప్పా?’

తప్పు కాదన్నాను. ఆయన నవ్వేసి, సముద్రం ఒడ్డున గాలి ఎన్నింటికి పుడుతుందో తెలియాలంటే దివిసీమ వెళ్లమన్నారు. ఎండుచేపలు అమ్ముకోవడానికి బందరు వచ్చే నాంచారమ్మ ఉంది, కోడూరు దాటాక వాళ్ల ఊరు, నా పేరు చెప్పండి అన్నారు. అరకిలో లడ్డు కొనుక్కుని బస్సెక్కాను. నాంచారమ్మకని కొన్నాను. అవనిగడ్డ వచ్చేసరికి పావుకిలో మిగిలింది.

కోడూరు దాటాక

నాంచారమ్మకి యాభై ఐదేళ్లుంటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వెంకటేశ్వరరావుగారి పేరు చెప్పగానే నన్ను లోపలికి తీసుకెళ్లి చాప వేసింది. లోపలికంటే పక్కా ఇంటిలోకి కాదు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత గవర్నమెంటు కట్టిచ్చిన ఆ స్లాబు గదిలో వలలూ బియ్యం డబ్బాలూ ఉన్నాయి, మనుషులు దానికి ఆనించి వేసుకున్న తాటాకు పాకలో ఉంటున్నారు. ఎందుకలా అంటే స్లాబు కింద పగలు ఉంటే ఉడికిపోతామంది. ఇలాంటివి నేను ఎన్ని గీసి ఉంటానో అనుకుని తల దించుకున్నాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే గొడుగు పట్టుకుని ఒడ్డుకి వెళ్లి నిలబడ్డాను. రిబ్బను కదలడం లేదు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని ఇవాళ గాలి ఎన్నింటికి వస్తుందని అడిగాను. ఇంకొకాయన్ని ఏ మూల నుంచి వస్తుందని అడిగాను. చేపలు ఆరేస్తున్న ఇద్దరాడవాళ్లని నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ ఉంటుందా అని అడిగి, వాళ్లు చెప్పింది శ్రద్ధగా రాసుకున్నాను. వాళ్లు నా పుస్తకం వైపు, నా రిబ్బను వైపు చూశారు. నేను పట్టించుకోలేదు.

పదీ ముప్పై ఐదుకి రిబ్బను కొస లేచింది. నీళ్ల మీద సన్నటి ముడతలు పడుతూ ఒడ్డు వైపు వస్తున్నాయి. ఆ తర్వాత మోకాళ్లకి, చేతులకి, ముఖానికి ఒక్కోటిగా తగిలింది. ఇదే గాలి, ఇక్కడి నుంచి బయల్దేరి రెండు గంటల్లో బందరులో తలుపు తీస్తుంది, నాలుగింటికి సూర్యంగారి టేపు ఊపుతుంది, సాయంత్రానికి మా ఊరు చేరి ఒక గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. నాకు ఆ గాలిని కౌగిలించుకోవాలనిపించింది. కౌగిలించుకోబోతే గొడుగు వెనక్కి తిరగబడి రెండు ఊచలు విరిగాయి.

గొడుగు సంగతి చూసుకుంటూ ఉండగా ఊళ్లో అలికిడి మొదలైంది. మగవాళ్లు పడవల్ని ఇసక మీద ఇంకా పైకి లాగుతున్నారు. ఆడవాళ్లు సగం ఎండిన చేపల్ని గంపల్లోకి ఎత్తుతున్నారు. బియ్యం డబ్బాలు, కోళ్లు, ఒక గోడ గడియారం, ఇవన్నీ పట్టుకుని జనం ఊరి వెనక ఉన్న తుఫాను షెల్టరు వైపు నడుస్తున్నారు. నా పక్కనుంచి వెళ్తున్న ఒకావిడని ఏమైందని అడిగాను. గవర్నమెంటు వాళ్లు గాలి కొలుస్తున్నారంట, తుఫానుందంట అంది. నాంచారమ్మ పాకలోకి పరిగెత్తి నా సంచీ, మిగిలిన లడ్లూ తీసుకుని నేనూ వాళ్ల వెనకాలే నడిచాను.

షెల్టరు మెట్లు సగం ఎక్కాక నాంచారమ్మ కనిపించింది. నా చేతిలో పుస్తకం చూసింది, విరిగిన గొడుగు చూసింది.

‘గాలి రాసుకుంటంది మీరేగా?’

అప్పుడు వెలిగింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాను, నేను గవర్నమెంటు మనిషిని కాదు, తుఫాను లేదు, ఇళ్ల బొమ్మలు గీసుకునేదాన్ని అని. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. ఒక ముసలాయన కోడిని చంకలో పెట్టుకుని, ఇంత దూరం ఎక్కాను గదా, చల్లగా ఉంది, సాయంత్రం దిగుతాలే అని అక్కడే పడుకున్నాడు.

గంగమ్మ దారి

నాంచారమ్మ నా వైపు చూడకుండా గంప ఎత్తుకుని వెనక్కి నడిచింది. ఆ పూట ఎండ సగం పోయింది, చేపలు మళ్లీ పరవాలి. నేను కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని పరవడానికి కూర్చున్నాను. వాసన గురించి చెప్పను. ఒక గంప అయ్యాక ఆమె తనంతట తనే నోరు విప్పింది.

‘గాలెప్పుడొస్తదని మమ్మల్ని అడక్కూడదమ్మా. ఆ రోజు కూడా ముందు గాలే వచ్చింది.’

ఇద్దరు పిల్లలు పోయారట ఆ ఉప్పెనలో. పేర్లు చెప్పింది. వాటిని ఇక్కడ రాయను. నేను ఏ గాలి కోసం ఇంత దూరం ఏడుస్తూ వచ్చానో ఆ గాలిని తలుచుకునే ఈమె ఏడుస్తోంది. నేను చేపలు పరుస్తూ ఉండిపోయాను. తనే ముక్కు తుడుచుకుని, అయినా అది లేకపోతే మా చేప ఎండదు, మా కడుపు నిండదు, ఏం చేస్తాం అంది.

మధ్యాహ్నం ఎండురొయ్యలు వేసిన మామిడికాయ కూరతో అన్నం పెట్టింది. మా వైపు రొయ్యల్లో ఉల్లిపాయ బాగా వేస్తాం, ఇక్కడ పులుపే ముందు. రెండుసార్లు వడ్డించుకున్నాను. తింటూ ఉండగా ఒకటి గమనించాను. ఊరంతా పాక మీద పాక, ఇసకలో అడుగు నేల ఖాళీ లేదు. కానీ సముద్రం నుంచి షెల్టరు దాకా, ఊరికి అడ్డంగా, పదిహేనడుగుల వెడల్పున ఒక సందు తిన్నగా పడి ఉంది. దాంట్లో ఒక వల లేదు, ఒక గంప లేదు. రెండువైపులా చేపలు ఆరేసుకునే చోట్లన్నీ దానికే తెరుచుకుని ఉన్నాయి. మొదట్లో పసుపు రాసిన కొయ్య ఒకటి పాతి ఉంది. గాలి ఆ సందులోంచి ఊరి వెనకదాకా పోతోంది.

ఇది గాలి కోసం వదిలారా అని అడిగాను. మళ్లీ గాలి మాట ఎత్తినందుకు భయపడుతూనే అడిగాను. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

‘గాలికి వదలమంటే ఎవడు వదుల్తాడమ్మా? ఒకడు వల ఆరేస్తాడు, ఒకడు పాకేస్తాడు. మా అత్తమ్మ రోజుల్లో ఇక్కడ రోజూ తన్నుకునేవాళ్లే. అప్పుడు పెద్దోళ్లు ఇది గంగమ్మ వచ్చే దారన్నారు. కొయ్య పాతి పసుపు రాశారు. అంతే. ఇంకెవడూ చెయ్యి పెట్టలా.’

‘మరి గంగమ్మ నిజంగా వస్తుందా?’

‘మజ్జానం పూట ఆ కొయ్య కాడ నిలబడి చూడు. ఆవిడ కాకపోతే ఇంకెవరు?’

నిలబడి చూశాను. ఆవిడే.

వచ్చేముందు మా ఊళ్లో పైరగాలి ఆగిపోయిన సంగతి ఆమెకి చెప్పాను. నేను గీసిన గోడ సంగతి కూడా చెప్పాను. ఆమె సముద్రం వైపు చూపించింది. తను కాపురానికి వచ్చినప్పుడు సరుగుడు తోపు దాటి చాలా దూరం నడిస్తేగాని నీళ్లు తగిలేవి కావట, ఇప్పుడు తోపులో ముందు వరస చెట్లు నీళ్లలోకి ఒరిగి ఉన్నాయి. మీరు ఎండకి తట్టుకోలేక ఇటు వస్తారు, మేం నీళ్లకి తట్టుకోలేక అటు వస్తాం, దారిలో ఎక్కడో కలుసుకుంటాంలే అంది. నవ్వుతూనే అంది. మీ ఇళ్లు మాక్కూడా పనికొచ్చేట్టు గీయి తల్లీ అని కూడా అంది. మిగిలిన లడ్లు మాత్రం తీసుకోలేదు. సగం తిని తెస్తే ఎవరు తీసుకుంటారు.

పామిడిముక్కల దగ్గర

తిరుగు ప్రయాణంలో పామిడిముక్కల దగ్గర బస్సు టైరు పేలింది. మధ్యాహ్నం ఒంటిగంట, చుట్టూ కోసేసిన పొలాలు, చెట్టన్నది లేదు. యాభై మందిమి బస్సు నీడలో ఇరుక్కుని నిలబడ్డాం. ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుంటున్నాం. దర్జీ మాట, పనాయన మాట, నాంచారమ్మ మాట అన్నీ బుర్రలో తిరుగుతున్నాయి గానీ సోమవారం చూపించడానికి చేతిలో ఏమీ లేదు. బెజవాడలో బిల్డరు దగ్గర గంగమ్మ పేరు చెబితే ఆయన కాలనీ మధ్యలో గుడి కడతాడు, దాని చుట్టూ కొట్లు కడతాడు.

అప్పుడు చూశాను. రోడ్డు పక్క రెండు స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మరు ఉంది. దాని కింద చాపంత నీడ, ఎర్ర బోర్డు మీద పుర్రె బొమ్మ. ఇంత ఎండలో, ఇంత ఇరుకులో, యాభై మందిలో ఒక్కరు కూడా ఆ నీడలోకి వెళ్లలేదు. పొలం గట్టు వేసిన రైతు కూడా దానికి చుట్టూ పదడుగులు వదిలి గట్టు తిప్పాడు. నేను బస్సు చక్రానికి ఆనుకుని కూర్చుని పుస్తకం తీశాను. డ్రైవరు టైరు మార్చేలోపల బొమ్మ అయిపోయింది.

సోమవారం

రెండు కాగితాలు పట్టుకెళ్లాను. ముందు మొదటిది పెట్టాను. అందులో బ్లాకుల మధ్య ఆగ్నేయం నుంచి వాయవ్యానికి తిన్నగా రెండు సందులు ఉన్నాయి, పక్కన ‘గాలికి’ అని రాసి ఉంది. గుడివాడ, బందరు, దివిసీమ వేళలన్నీ చదివాను. బిల్డరుగారు ఓపిగ్గానే విన్నారు. ఆ రెండు సందుల్లో ఎన్ని ఫ్లాట్లు పోతాయో వేళ్ల మీద చూసుకున్నారు.

‘బాగుందమ్మా. మరి ఈ గాలిని నేనెవరికి అమ్మను?’

మా ఇంజనీరుగారు నా వైపు చూడకుండా కళ్లజోడు తుడుచుకున్నారు. నేను రెండో కాగితం తీశాను. సందులు అవే, వెడల్పు అదే, చోటు అదే. ఈసారి ఒక్కోదాంట్లో ఒక ట్రాన్స్‌ఫార్మరు గీసి, కరెంటు వాళ్ల రూలు ప్రకారం చుట్టూ కంచె గీసి, అది చెడిపోతే దించడానికి లారీ రావాలి కాబట్టి ఇటు చివర నుంచి అటు చివరకి దారి గీశాను. అబద్ధం కాదు, పదిహేను బ్లాకులకి ట్రాన్స్‌ఫార్మర్లు ఎలాగూ కావాలి. ఎక్కడ పెట్టాలన్నదే నా ఇష్టం. బిల్డరుగారు ఎర్ర పెన్సిలు తీసి ఆ సందు మీదికి తెచ్చి, ఆపేశారు.

‘కరెంటు వాళ్లతో మనకెందుకు, ఉండనీండి’ అన్నారు.

ఆయన వెళ్లాక మా ఇంజనీరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. ‘రూలు రూలే కదమ్మా’ అని కింద సంతకం పెట్టి ఇచ్చారు. గుడివాడకి ఒక కార్డు రాశాను, సూర్యంగారూ, ఈసారి తెలిసి గీశాను అని.

మొన్నటి వేసవి

కాలనీ కట్టడానికి మూడేళ్లు పట్టింది. జనం దిగాక కూడా వెళ్లలేదు. వెళ్లి, గాలి రాకపోతే? పటం మీద గీసిన గాలి పటం మీదే ఉండిపోతే? మొన్న మేలో ఒకరోజు మా వీధిలో ఊపిరాడక, తెగించి బస్సెక్కాను.

ఆరవుతుండగా చేరాను. బ్లాకులు రైలుపెట్టెల్లాగే ఉన్నాయి, ప్రతి కిటికీకి ఒక ఏసీ డబ్బా, దాని కిందనుంచి చుక్క చుక్క నీళ్లు. కాలనీ ముందు మనిషి లేడు. నా ఊహలోని ఊరు ఇదేనా అనుకుంటూ లోపలికి నడిచాను. మొదటి ట్రాన్స్‌ఫార్మరు సందు మలుపు తిరగ్గానే ఆగిపోయాను. కంచెకి అటూ ఇటూ, భయం కొద్దీ కాస్త దూరం వదిలేసి, ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు, రెండు మడతమంచాలు. ఒకావిడ బెండకాయలు తరుగుతోంది. ఇద్దరు మగవాళ్లు పేపరు చెరో సగం పంచుకుని చదువుతున్నారు. నేల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. ఎవరో ఎవరినో ఏదో అంటున్నారు, అందరూ నవ్వుతున్నారు.

గాలి రాలేదింకా. అందరూ దానికోసమే కూర్చున్నారు. బెండకాయలావిడ నన్ను చూసి, కంచె దగ్గరికి వెళ్లకండి షాకు కొడుతుందంది. ఈ ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ పెట్టించిన మనిషిని బిల్డరు ఇప్పటికీ తిట్టుకుంటాడట, బోలెడు ఫ్లాట్లు పోయాయట అని కూడా చెప్పింది. తిట్టుకోనివ్వండి అన్నాను.

అప్పుడే పేపరు లేచింది. చీరల కొంగులు లేచాయి. ఒక్క క్షణం అందరూ మాటలు ఆపేశారు, ఒకప్పుడు మా వీధిలో గాలి తగలగానే ఆపినట్టే. నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

‘ఏ బ్లాకండీ మీది?’ అని అడిగింది ఆవిడ.

‘ఏ బ్లాకూ కాదండీ. గాలికి వచ్చాను.’

ఆమె నన్నొకసారి కిందికీ పైకీ చూసి, బెండకాయల పళ్లెం ఒళ్లోకి తీసుకుని, పక్కనున్నవాళ్లని కాస్త జరగమంది. చాప మీద నాకు చోటు వచ్చింది. మా వీధి నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. ఆ వేసవంతా రోజూ మారాను.